పువ్వు ఒకటే, నేరం ఒకరిదే

ఇంగ్లీషు పత్రికల వారాంతపు పేజీల్లో ఈమధ్య ఒక తరహా వంటకం తరచుగా కనబడుతోంది. ఒక లార్జ్ పెగ్గు, అంటే 60 మిల్లీలీటర్ల జిన్. 20 మిల్లీలీటర్ల నిమ్మరసం. గులాబీ రేకులో, ఎండు మందారాలో వేసి కాచిన పంచదార పాకం మరో 20. గుప్పెడు స్ట్రాబెర్రీలో, నేరేడు పళ్ళో చిదిమి, ఐసు ముక్కలతో కలిపి కుదిపి, వడగట్టి, పైన సోడా పోసి ఒక పూరేకు వేయాలి. పది నిమిషాల పని. ఇది ఆధునిక స్త్రీ తనకోసం తాను కేటాయించుకునే సమయమనీ, ఇంట్లోనే దొరికే చిన్న స్వేచ్ఛ అనీ దానికి వ్యాఖ్యానం.

పువ్వు, సారా, ఇల్లు, ఆడమనిషి చేయి. ఈ నాలుగూ కలిసే చోటు మరొకటుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో గోదావరి ఏజెన్సీలోనూ, ఆదిలాబాద్ అడవుల్లోనూ కోయ, గోండు స్త్రీలు తెల్లవారకముందే బుట్టలతో ఇప్పచెట్ల కిందికి వెళతారు. రాలిన పువ్వు ఏరి, ఎండబెట్టి, దాచుకుంటారు. అందులో కొంత తిండికి, కొంత సంతకు, కొంత సారాకు. పువ్వును కొన్ని రోజులు నీళ్ళలో నానబెడితే దానిలోని చక్కెర పులిసి ఊట అవుతుంది. ఊటను కుండలో కాచి, ఆవిరిని చల్లార్చి పడితే ఇప్పసారా. పెళ్ళికి, చావుకు, దేవరకు అది కావాలి.

మొదటిదాన్ని కళ అంటున్నారు. రెండోదానికి ఎక్సైజ్ వాళ్ళు వచ్చి కుండలు పగలగొట్టి, ఊట పారబోసి, కేసు పెట్టి, తహసీల్దారు ముందు బైండోవర్ చేస్తారు. ఏజెన్సీలో పనిచేసే కార్యకర్తలెవరికీ ఇది కొత్త సంగతి కాదు. అయినా ఈ రెండు దృశ్యాలనూ పక్కపక్కన పెట్టి చూడటానికి మనం ఎందుకో వెనకాడుతున్నాం.

ఇద్దరూ ఒకటెలా అవుతారు, నగరంలో ఆమె సారా కాయడం లేదు, లైసెన్సు ఉన్న దుకాణంలో కొన్నదాన్ని కలుపుకుంటోంది అని జవాబు వస్తుంది. నిజమే. చట్టం చూసే తేడా సరిగ్గా అదే. జిన్ అంటే ధాన్యం నుంచో, మొలాసిస్ నుంచో తీసిన సారాకు జునిపర్ కాయల వాసన పట్టించినది. ఫ్యాక్టరీలో కాచి, సుంకం కట్టి, సీసాకెక్కించాక దానికి ఎన్ని పువ్వులు కలుపుకున్నా అడిగేవాళ్ళు లేరు. సుంకం కట్టని కుండ మాత్రం నేరం. ఒంటికి జరిగే కీడును బట్టి గీసిన గీత కాదిది. ఖజానాకు వచ్చే రాబడిని బట్టి గీసిన గీత.

ఈ గీత పాతది. 18వ శతాబ్దపు లండన్‌లో జిన్ పేదల పానీయం. వీధుల్లో బుట్టల్లో, తోపుడు బండ్లమీద పెట్టుకుని అమ్మేవాళ్ళలో స్త్రీలు చాలామంది. 1736లో వచ్చిన చట్టం జిన్ అమ్మాలంటే ఏడాదికి 50 పౌన్లు లైసెన్సు రుసుము కట్టాలంది. వీధిలో గ్లాసు లెక్కన అమ్ముకునే ఆడమనిషికి అది ఊహకందని మొత్తం. పట్టించినవాళ్ళకు బహుమతి కూడా పెట్టారు. జైలుకు వెళ్ళింది చిల్లర అమ్మకందార్లు. ధాన్యం అమ్ముకున్న భూస్వాములకు, కాచిన పెద్ద వ్యాపారులకు ఏ శిక్షా పడలేదు. 1751లో హోగార్త్ చెక్కిన ‘జిన్ లేన్’ చిత్రంలో నింద అంతా ఎవరిమీద వేశాడు? తాగిన మత్తులో ఒడిలోని బిడ్డను జారవిడిచిన తల్లిమీద! ఆనాటి సమాజానికి జిన్ తాగే పేద స్త్రీ అంటే చెడిన తల్లి. ఈనాటి సంపన్న స్త్రీ చేతిలో అదే జిన్ అభిరుచి.

మన దగ్గరా వలస ప్రభుత్వం చేసింది ఇదే. బొంబాయి ప్రెసిడెన్సీలో 1878 అబ్కారీ చట్టం సారా కాయడాన్ని లైసెన్సుదార్ల చేతుల్లో పెట్టింది. 1892లో ఏకంగా ఇప్పపువ్వు మీదే చట్టం తెచ్చారు. చెట్టు కింద రాలిన పువ్వు ఏరుకుని దాచుకోవడంమీద కూడా ఆంక్షలు పెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక జెండా మారింది గానీ అబ్కారీ లెక్క మారలేదు.

ఇక్కడ మనలో కొందరికి ఒక సందేహం రావచ్చు. సారా వ్యతిరేక ఉద్యమం నడిపినవాళ్ళం మనమే కదా, ఇప్పుడు సారా కాచేవాళ్ళ పక్షాన ఎలా మాట్లాడతాం అని. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు ఎవరిమీద తిరగబడ్డారో గుర్తు చేసుకుందాం. ప్రభుత్వమే ‘వారుణి వాహిని’ పేరుతో ప్యాకెట్లలో నింపి, కాంట్రాక్టర్ల ద్వారా గుమ్మం ముందుకు పంపిన సారామీద. మొగుడి కూలిడబ్బు ఇంటికి రాకముందే మింగేసిన వ్యాపారంమీద. వాళ్ళు అడిగింది, ఈ ఊళ్ళో సారా ఉండాలో వద్దో తేల్చే అధికారం. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో ఆ నిషేధాన్ని ఎత్తేశారు. ప్యాకెట్ పోయి సీసా వచ్చింది. ఉద్యమం చేసిన స్త్రీల ఊళ్ళలోనే బెల్టు షాపులు వెలిశాయి. నిర్ణయాధికారం మాత్రం వాళ్ళ చేతికి రాలేదు. ఆ ఉద్యమానికి వారసులం కావాలంటే ఆ ప్రశ్ననే మళ్ళీ అడగాలి.

ఇక కాక్‌టెయిల్ స్వేచ్ఛ సంగతి. స్త్రీ తాగితే సంస్కృతి చెడిపోతుందని గోలపెట్టేవాళ్ళతో మనకు పొత్తు లేదు. 2009 జనవరిలో మంగళూరు పబ్బులో స్త్రీలను జుట్టు పట్టుకుని కొట్టినవాళ్ళు మద్యం వ్యతిరేకులు కారు, స్త్రీ స్వేచ్ఛకు వ్యతిరేకులు. మగవాడి గ్లాసును చూసి వాళ్ళకు ఏనాడూ కోపం రాలేదు. వయసొచ్చిన స్త్రీ తన ఇంట్లో ఏం తాగుతుందన్నది ఆమె ఇష్టం. అయితే ఇష్టాన్ని గౌరవించడం వేరు, అమ్మకాన్ని విముక్తి అనడం వేరు.

ఆ వంటకంలో పాకం, పండు, పువ్వు చేసే పని ఏమిటో చూడండి. సారా ఘాటును కప్పేయడం. మనదేశంలో అమ్మే జిన్‌లో మామూలుగా 42.8 శాతం ఆల్కహాలు ఉంటుంది. 60 మిల్లీలీటర్లంటే దాదాపు 20 గ్రాముల శుద్ధ ఆల్కహాలు. షర్బత్‌లా గొంతు దిగుతుంది కాబట్టి రెండోది కలుపుకోవడానికి సంకోచం ఉండదు. స్త్రీ శరీరంలో నీటి పాలు తక్కువ కావడంవల్ల అదే మోతాదుకు రక్తంలో ఆల్కహాలు ఎక్కువగా చేరుతుంది. మద్య పానీయాలు కాన్సరు కారకాలని అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ 1988లోనే నిర్ధారించింది. రొమ్ము కాన్సరు కూడా ఆ జాబితాలో ఉంది. ఏ మోతాదూ ఆరోగ్యానికి సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది. ఈ ఒక్క వాక్యం రాయడానికి ఆ పేజీల్లో చోటుండదు. 2017లో గోర్డన్స్ స్ట్రాబెర్రీ, రాస్‌బెర్రీ రుచులతో గులాబీ రంగు జిన్ మార్కెట్లోకి తెచ్చింది. మగవాళ్ళ గిరాకీకి హద్దు వచ్చినప్పుడు వ్యాపారానికి స్త్రీలు గుర్తుకొస్తారు. గులాబీ రంగు పూసినంత మాత్రాన లాభం స్త్రీవాదం అయిపోదు.

కల్తీ సారా మనుషుల్ని చంపుతోంది కదా అనే వాదన ఒకటుంది. దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. 2024 జూన్‌లో తమిళనాడు కళ్ళకురిచ్చిలో 60 మందికి పైగా చనిపోయారు. వాళ్ళను చంపింది సారాలో కలిపిన మిథనాల్, అంటే పరిశ్రమల్లో వాడే రసాయనం. దాన్ని తెచ్చి కలిపి అమ్మింది వ్యాపార ముఠా. ఇప్పచెట్టు కింద బుట్ట పట్టుకున్న స్త్రీనీ, ఆ ముఠానీ ఒకే సెక్షను కింద జమకట్టడంవల్ల ముఠాలకు నష్టమేమీ లేదు. లెక్క చూపించుకోవడానికి అధికారులకు సులువుగా దొరికేది ఆమే.

అలాగని అడవిలో అంతా అందంగా ఉందని మనల్ని మనం మోసం చేసుకోవద్దు. ఇప్పసారా తాగిన మొగుడు కూడా పెళ్ళాన్ని కొడతాడు. కాచేది ఆమె అయినా ఎంత కాయాలో, ఎవరికి పోయాలో నిర్ణయించేది అన్నిచోట్లా ఆమె కాదు. అందుకే ఆచారం పేరు చెప్పి చేతులు దులుపుకోవడమూ పరిష్కారం కాదు.

దారి చట్టంలోనే ఉంది. 1996 పెసా చట్టం మత్తు పదార్థాలను నిషేధించే, నియంత్రించే అధికారాన్ని షెడ్యూల్డ్ ప్రాంతాల గ్రామసభకు ఇవ్వమంది. 2006 అటవీ హక్కుల చట్టం ఇప్పపువ్వుతో సహా చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై యాజమాన్య హక్కును గుర్తించింది. ఆ చట్టం నియమాల ప్రకారం గ్రామసభకు హాజరైనవాళ్ళలో మూడోవంతు స్త్రీలు ఉండాలి. మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్‌లలో ఆదివాసులు సొంత వాడకానికి పరిమితంగా కాచుకునే వెసులుబాటు ఉంది. మన రెండు రాష్ట్రాల్లోనూ స్త్రీ సంఘాలు అడగవలసినవి స్పష్టమే. సొంత వాడకానికి ఇప్పసారా కాచుకున్న ఆదివాసి స్త్రీలమీద కేసులు ఎత్తేయాలి. ఏజెన్సీలో ఇంటి కుండయినా, కంపెనీ సీసా అయినా గ్రామసభలో స్త్రీల మాట లేకుండా ఉండకూడదు. ఆ సభ వద్దంటే రెండూ వద్దు. కాన్సరు హెచ్చరిక సీసామీద పెద్ద అక్షరాల్లో, తెలుగులో ఉండాలి.

ఈ అడగడంలో నగర స్త్రీకి కూడా పాత్ర ఉంది. ఆమె గ్లాసు మనం లాక్కోనక్కరలేదు. కానీ తన వంటింట్లో పూలపాకానికి ఉన్న గౌరవం మరొకామె కుండకు ఎందుకు లేదని ఆమె అడగాలి. అడగనంతకాలం ఆ గ్లాసులో ఉన్నది స్వేచ్ఛ కాదు, వర్గం ఇచ్చిన మినహాయింపు.