యోవిస్ బెన్, ఒక ‘బేగి’

ఫస్ట్ ఇయర్‌లో హాస్టల్‌కి వచ్చిన మొదటి వారం. మెస్ టైమ్ అయిపోతోందని రూమ్మేట్స్‌ని “బేగి రండ్రా” అన్నాను. రూమంతా ఒకటే నవ్వు. మాది శ్రీకాకుళం దగ్గర ఊరు. తర్వాత రెండు నెలలు నా పేరే ‘బేగి’. వాళ్ళేం చెడ్డోళ్ళు కాదు, ఇప్పటికీ నా ఫ్రెండ్సే. కానీ అప్పటి నుంచి అమ్మ ఫోన్ చేస్తే కారిడార్ చివరికి వెళ్ళి మాట్లాడటం అలవాటైపోయింది.

మొన్న సెలవుల్లో ‘యోవిస్ బెన్’ అనే ఇండోనేషియా కామెడీ సినిమా సబ్‌టైటిల్స్‌తో చూశాను. 2018లో వచ్చింది. ఫజర్ నుగ్రోస్, బయు స్కాక్ కలిసి డైరెక్ట్ చేశారు. హీరో కూడా బయు స్కాకే, యూట్యూబ్ వీడియోలతో పైకొచ్చిన కుర్రాడు. కథ మనకి కొత్తేం కాదు. తూర్పు జావాలోని మలాంగ్‌లో బయు అనే హైస్కూల్ కుర్రాడు. వాళ్ళమ్మ పెచెల్ అమ్ముతుంది, అంటే ఉడికించిన కూరల మీద వేరుశనగ పచ్చడి లాంటిది పోసి ఇస్తారు. సుసాన్ అనే అమ్మాయి కంట్లో పడాలని ఫ్రెండ్స్‌తో బ్యాండ్ పెడతాడు. తర్వాత ప్రేమకీ బ్యాండ్‌కీ పడదు. ‘యోవిస్ బెన్’ అంటే జావనీస్‌లో దాదాపు “సర్లే, పోనీ” అని.

కథ కన్నా నన్ను పట్టుకున్నది భాష. అక్కడ స్కూళ్ళు, టీవీ, సినిమాలు ఎక్కువగా ఇండోనేషియన్‌లో నడుస్తాయి. జావనీస్ కోట్లమందికి మాతృభాష అయినా, తెరమీద ఆ యాస పనివాళ్ళకో కమెడియన్లకో ఇవ్వడం మామూలు. ఈ సినిమాలో హీరో, వాడి ఫ్రెండ్స్, వాళ్ళ గొడవలు చాలావరకు జావనీస్‌లోనే. అయినా థియేటర్లలో 9 లక్షల మందికి పైగా చూశారు.

జావనీస్‌లో ఎవరితో మాట్లాడుతున్నామో దాన్నిబట్టి మాటలే మారిపోతాయి. ఫ్రెండ్ తింటే ‘మంగన్’, పెద్దాయన తింటే ‘దహర్’. మన నువ్వు-మీరు కన్నా పెద్ద తేడా. కాబట్టి ఆ నలుగురూ మొహమాటం లేని భాషలో తిట్టుకుంటుంటే, అదే వాళ్ళ స్నేహం. సబ్‌టైటిల్స్‌లో అది సగమే వస్తుంది. నేను హాస్టల్లో మాట్లాడే ‘నీట్’ తెలుగు కూడా నాకు సబ్‌టైటిల్ లాంటిదే అనిపించింది.

సినిమాలో లోపం లేదని కాదు. సుసాన్‌కి ప్రైజ్‌లా నిలబడటం తప్ప పెద్ద పనేం ఇవ్వలేదు. అది నాకు నచ్చలేదు.

“అంతా యాసలో తీస్తే మిగతావాళ్ళకి ఎలా అర్థమవుతుంది?” అంటారు. జావనీస్ ఒక్క ముక్క రాని నేను హాయిగా నవ్వాను కదా! మన దగ్గరా అదే 2018లో ‘కేరాఫ్ కంచరపాలెం’, 2023లో ‘బలగం’ ఊరి మాటతోనే అందరికీ చేరాయి.

మరి మన కాలేజీ స్కిట్లు? యాస ఎప్పుడూ వాచ్‌మన్‌కే, హీరో మాత్రం న్యూస్ రీడర్ తెలుగు. వచ్చే ఫెస్ట్‌లో యాసని హీరోకిద్దాం, హీరోయిన్‌కీ ఇద్దాం. కరీంనగరైనా, కడపైనా, మా శ్రీకాకుళమైనా సరే. తెలుగు టైపింగ్‌లో నేను స్లో, అయినా స్క్రిప్ట్ నేను రాస్తాను.

మీటింగ్‌కి మాత్రం బేగి రండి.