పాత ఇనుముకు రెండు రేట్లు కావాలి

ఇబ్రహీంపట్నం వంటి చోట్ల చిన్న దుకాణాల నుంచి హైదరాబాద్ ఫౌండ్రీలకు వెళ్లే పాత ఇనుములో కలగలుపు లారీలు కొత్త సంగతేమీ కాదు. పంపుసెట్ల బీడు, ట్రాలీల రేకు, జింకు పూత గొట్టాలు అన్నీ ఒకే కాటాకెక్కి, ఒకే రేటుకు పోతుంటాయి. తీరా ఫౌండ్రీ గేటు దగ్గర కోత పడినప్పుడే రగడ మొదలవుతుంది. దుకాణదారు దళారిని అంటాడు, దళారి ఫౌండ్రీని అంటాడు.

తెలంగాణలోనే ఒకప్పుడు ఇంతకంటే తెలివైన బేరం నడిచింది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించిన ఉక్కు పారశీక దేశానికి ఎగుమతి అయ్యేది. ఇంగ్లీషువారు దాన్ని 'వూట్జ్' అన్నారు. ఆ పేరుకు మన 'ఉక్కు' మాటే మూలమని చెబుతారు. అక్కడి కొలుముల సంగతిని డాక్టర్ హెన్రీ వాయిసీ రాసిపెట్టారు. ఆ వృత్తాంతం ఆయన మరణానంతరం 1832లో ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. రెండు రకాల ఇనుము కలిపేవారు: ఇనుప ఇసుక నుంచి తీసినది 3 పాళ్లు, మట్టి ఖనిజం నుంచి తీసినది 2 పాళ్లు. రాత్రింబవళ్లు కొలిమి ఊది కరిగించేవారు. మరీ పెళుసుగా తేలిన బిళ్లలను మట్టి పూసి మళ్లీ కాల్చి మెత్తబరిచేవారు.

వర్తకులు ముఖ్యంగా గమనించవలసింది మరొకటి ఉంది. ఇస్పహాన్ నుంచి వచ్చిన వ్యాపారి సరుకు కట్టలు కట్టేదాకా సత్రంలో కూర్చోలేదు. కొలిమి దగ్గరే నిలబడి, పాళ్ల తూకం తానే చూసుకొని, తయారైన బిళ్లను పరీక్షించి తీసుకొనేవాడు. సరుకు ఎలాంటిదన్నది కొలిమి దగ్గరే తేలిపోయేది. అందువల్లనే కమ్మరికి పాళ్లు తప్పకుండా కలపడంలో లాభం కనిపించి ఉంటుంది.

ఆ పరిశ్రమ నాణ్యత చెడి మూతపడలేదు. షెఫీల్డులో హంట్స్‌మన్ 1740ల నుంచే మూస ఉక్కు తీయసాగాడు. 1856లో బెస్సిమర్ పద్ధతి వచ్చాక ఉక్కు చవక సరుకైంది. కత్తికి గిరాకీ పోయింది, తుపాకీకి వచ్చింది. 2010లో బెంగళూరు, ఎక్సెటర్ పరిశోధకులు ఉత్తర తెలంగాణలో సర్వే చేయగా చిట్టెపు దిబ్బలు, మూసల పెంకులు అనేక గ్రామాల్లో కనిపించాయి.

ఇప్పటి సరుకుకు ఆ జాగ్రత్త మరీ అవసరం. ఉక్కులో రాగి ఒకసారి కలిస్తే మామూలు కొలిమిలో తీయడం సాధ్యం కాదు. వైండింగు పూర్తిగా ఊడదీయని మోటారు ఒక్కటి పడినా ఆ కరుగుకు చేటే. జింకు పూత రేకు పొగలు కక్కుతుంది. బీడులో గంధకం, భాస్వరం హెచ్చితే పోత పెళుసై పగులుతుంది. ఈ నష్టమంతా ఫౌండ్రీవారు ముందే లెక్కవేసుకొని కలగలుపు రేటును దించుతారు. దాంతో శ్రద్ధగా ఏరిన దుకాణదారుకూ, ఏరనివానికీ దక్కేది ఒకటే!

ఏరడానికి కూలీ ఎవరిస్తారని చిన్న వర్తకుల ప్రశ్న. సబబైన ప్రశ్నే. టన్నుకు వందో రెండొందలో ఎక్కువ రాకపోతే ఎవరూ ఎండలో కూర్చొని బీడును, రేకును వేరు చేయరు. కేంద్ర ప్రభుత్వం 2019లో ఉక్కు స్క్రాప్ విధానం ప్రకటించినా, గేటు దగ్గరి రేటు మారనిదే దుకాణం అలవాటు మారదు. కాబట్టి ఫౌండ్రీలు ఏరిన సరుకుకు వేరుగా, కలగలుపుకు వేరుగా రేటు చెప్పాలి. లారీ కదలకముందే దుకాణంలో ఇరుపక్షాల ఎదుట నమూనా తీయాలి. పరీక్ష ఖర్చు కొనుగోలుదారు పెట్టుకోవాలి. చెప్పిన రకానికి సరుకు తేడా వస్తే ఆ ఖర్చును అమ్మకందారు ఖాతాలో రాయాలి.