పిల్లల విరేచనాలు: ప్యాకెట్టు ఉంది, కొలత లేదు

తొలకరి పడగానే తాండూరు, వికారాబాద్ ప్రాంతాల దవాఖానాల ముందు చంటిపిల్లల్ని భుజాన వేసుకున్న తల్లుల వరుస పెరుగుతుంది. అడిగితే అందరిదీ ఒకటే మాట: "నిన్నటి సంది మోషన్లు సారూ, బాటిల్ ఎక్కించండి." బాటిల్ అంటే సెలైన్. సూది గుచ్చితే తప్ప వైద్యం జరిగినట్టు కాదన్న నమ్మకం మనలో అంతగా పాతుకుపోయింది. నిజానికి ఆ పిల్లల్లో చాలామందికి కావలసింది ఇంట్లో చెంచాతో పట్టగలిగిన నీళ్ళే.

చాలా సందర్భాల్లో పిల్లవాడి ప్రాణం మీదికి తెచ్చేది ఒంట్లోంచి పోయే నీరు, ఉప్పు. ఏడాది, రెండేళ్ళ పిల్లల్లో పొద్దున ఆడుకున్నవాడే సాయంత్రానికి కళ్ళు లోతుకు పోయి వేలాడిపోవచ్చు. "నీళ్ళు తాగిస్తే ఇంకా పోతాయి" అని చెంబు దాచే ముసలమ్మలు ఇప్పటికీ ఉన్నారు. వారిని తప్పుపట్టి లాభం లేదు. వారికి కారణం చెప్పినవారు లేరు. చక్కెర, ఉప్పు సరైన పాళ్ళలో ఉంటే పేగుల్లో ఒకదాని చేయి పట్టుకుని ఒకటి లోపలికి పోతాయి, వాటి వెంట నీరూ పోతుంది. విరేచనాలు అవుతున్నా ఆ దారి మూసుకుపోదు.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాడు పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థుల శిబిరంలో కలరా ప్రబలింది. సెలైన్ అయిపోయింది. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ఉప్పు, గ్లూకోజు నీళ్ళను డ్రమ్ముల్లో కలిపించి, రోగుల బంధువుల చేతనే తాగించారు. నూటికి 30 దాకా ఉన్న మరణాలు 4 లోపుకు దిగాయి. ఆయన 2022లో కన్నుమూశారు. పద్మవిభూషణ్ ఆ మరుసటి ఏడాది వచ్చింది. మన గౌరవాలు ఎప్పుడూ ఆలస్యమే!

ఓఆర్ఎస్ ప్యాకెట్లను ఆశా కార్యకర్తలు ఉచితంగానే ఇస్తారు. చిక్కంతా కలపడంలో ఉంది. పెద్ద ప్యాకెట్టు మొత్తం ఒక లీటరు నీటికి. గ్లాసుడు నీళ్ళలో సగం పోసి, మిగతాది మడిచి గూట్లో పెట్టేవారు ఎందరో. చిక్కగా ఉంటే బలమనుకుంటారు. అలా తాగిస్తే ఉప్పు మోతాదు మించి పిల్లవాడికే చేటు. లీటరు కొలత లేదంటారా? బస్టాండులో కొన్న లీటరు నీళ్ళ సీసా లేని ఇల్లు ఉందా? దాన్నే కడిగి కొలతగా పెట్టుకోవచ్చు. కాచి చల్లార్చిన నీటిలో కలిపి, 24 గంటల్లో వాడేసి, మిగిలితే పారబోయాలి. రెండేళ్ళలోపు వారికి విరేచనం అయిన ప్రతిసారీ పావు నుంచి అర గ్లాసు, చెంచాతో. కక్కితే పది నిమిషాలు ఆగి మళ్ళీ మెల్లగా.

మరో మోసం దుకాణాల్లో ఉంది. పేరులో ఓఆర్ఎస్ అని పెట్టుకుని, పలు రెట్లు చక్కెర నింపిన పానీయాలు డబ్బాల్లో అమ్ముడుపోయాయి. చక్కెర మించితే పేగులు ఒంట్లో నీటినే లాగుతాయి. విరేచనాలు హెచ్చుతాయి. హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి దీనిపై పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. అయినా కొనేముందు ప్యాకెట్టుపై ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అన్న మాట ఉందో లేదో చదివించుకోవడం మంచిది.

తల్లిపాలు, మెత్తని అన్నం, పప్పుకట్టు మానకూడదు. కందులు పండే సీమలో పప్పుకట్టుకు కరువా? జింకు బిళ్ళలు విరేచనాలు కట్టినా 14 రోజులూ వేయాలి. మూడో రోజే మానేస్తున్నారు. ఇక కొందరు పిల్లలు బరువు పెరుగుతూ, హుషారుగా ఆడుతూనే రోజుకు నాలుగైదుసార్లు పలచగా వెళ్తుంటారు. తీపి రసాలు తగ్గిస్తే తరచు సర్దుకుంటుంది. దానికి మందులు మింగించనక్కరలేదు. రక్తం పడినా, తాగలేకపోయినా, మత్తుగా పడి ఉన్నా, మూత్రం ఆగినా మాత్రం క్షణం ఆలస్యం చేయరాదు.

తాండూరు నాపరాళ్ళ పాలిషింగ్ యూనిట్లలో పనిచేసే తల్లికి రోజు పోతే కూలి పోతుంది. ఆమె ఇంట లేని వేళ కార్యకర్త వచ్చి ప్యాకెట్టు ముసలమ్మ చేతిలో పెట్టి వెళ్తే పని అయినట్టు రాసుకుంటే చాలదు. సాయంత్రం ఆరు తర్వాత బస్తీల్లో తల్లుల ముందు సీసాతో ఒక్కసారి కలిపి చూపించే ఏర్పాటు జిల్లా వైద్యాధికారులు చేయాలి. యూనిట్ల యజమానులు కూడా పని చోట నాలుగు ప్యాకెట్లు ఉంచడానికి ఖర్చెంత? వానలు ముదరక ముందే ఆ పని మొదలుకావాలి.