పసుపు రంగు ఆరేదాకా

గొర్రెలు కాసే పిల్లవాడు ఊరికే కేక వేసి ఊరందరినీ పరుగులు పెట్టించిన కథ తెలియనివాళ్ళు ఉండరు. తెలుగింట ఆ పిల్లవాడు ‘నాన్నా, పులి!’ అని అరుస్తాడు. కన్నడింట ‘తోళ బంతు తోళ’ అంటాడు. తోళ అంటే తోడేలు. చిక్కసూగూరులో ఈ రెండు కేకలూ పక్కపక్క ఇళ్ళలో, ఒక్కోసారి ఒకే ఇంట్లో వినిపిస్తాయి.

రాయచూరు నుంచి హైదరాబాదు పోయే దారిలో, కృష్ణకు ఇవతల ఉంటుంది ఈ ఊరు. కన్నడంలో చిక్క అంటే చిన్న. పేరులో చిన్నతనం ఉన్నా, ఇప్పుడు ఊరి చుట్టూ ఫ్యాక్టరీల షెడ్లు, ఎదురుచూసే లారీలు. ఇంకొంత ముందుకు పోతే శక్తినగర్ థర్మల్ కేంద్రం పొగగొట్టాలు. నది దాటితే తెలంగాణ. 1956 నవంబరు 1 దాకా ఈ రెండు ఒడ్లూ ఒకే హైదరాబాదు రాష్ట్రం. ఇక్కడ చాలామంది తెలుగు మాట్లాడతారు, కన్నడం చదువుతారు. అవ్వ చెప్పిన కథలో పులి ఉంటుంది, బడిలో విన్న కథలో తోడేలు ఉంటుంది. పిల్లలకు రెండూ నిజమే.

ఈ నేలకు తోడేలే తగిన జంతువు. అడవి లేదు. నల్లరేగడి, జొన్నచేలు, బోడి గుట్టలు, గొర్రెల మందలు. దక్కను పీఠభూమిలో తోడేలు బతికేది ఇలాంటి బయలులోనే. పొరుగున కొప్పళ జిల్లా గంగావతి దగ్గర బంకాపురలో తోడేళ్ళకోసమే ఒక అభయారణ్యం ఉంది. సుమారు 332 హెక్టార్లు. పులి కోసం మన దేశంలో ఎన్ని అడవులను కాపాడుతున్నామో చూస్తే ఇది చిన్న చెక్క. అయినా తోడేలుకు కూడా ఒక చోటు ఉండాలని ఎవరో అనుకున్నారన్నది నాకు ఎంతో సంతోషం కలిగించిన సంగతి. ఈసపు కథలో వచ్చింది కూడా తోడేలే. మన పెద్దలు దాన్ని పులిగా మార్చుకున్నారు. మన పిల్లలు దేనికి జడుస్తారో వాళ్ళకు బాగా తెలుసు.

జంతువు మారినా పిల్లవాడు మారలేదు. ఒంటరిగా మంద దగ్గర కూర్చున్నవాడికి పలకరించే మనిషి కావాలి. ఆ కోరిక అబద్ధంగా బయటపడింది. ఆ కథలో పులి వచ్చేది చివర ఒక్కసారే. అంతకు ముందంతా పిల్లవాడి లోపలి సంగతే. జంతువుల కథలని మనం పిల్లల చేతుల్లో పెట్టే పుస్తకాలు చాలావరకు ఇంతే. తిప్పి చూస్తే లోపల మనుషులుంటారు. 1853లో చిన్నయసూరి పంచతంత్ర కథల ‘నీతిచంద్రిక’ అచ్చయినప్పటినుంచి మన బడి పిల్లలు కరటక దమనకులను నక్కలుగానే చదువుకున్నారు. పెద్దయి ఉద్యోగాల్లో చేరాక వాళ్ళను గుర్తుపట్టారు. అంతకు ఎనిమిది వందల ఏళ్ళకు పైబడి ముందే, 1031 ప్రాంతంలో, చాళుక్యుల కొలువులో ఉన్న దుర్గసింహుడు ఆ పంచతంత్రాన్నే కన్నడం చేశాడు.

ఈ సరిహద్దు పిల్లలకు రెండు వైపుల నుంచీ అందే కథ ఇంకొకటి ఉంది. ఆవు, పులి కథ. కన్నడంలో అది ‘గోవిన హాడు’. ఆవు పేరు పుణ్యకోటి. తెలుగులో 15వ శతాబ్దపు అనంతామాత్యుడు ‘భోజరాజీయం’లో చెప్పాడు. దూడకు పాలిచ్చి వస్తానని పులికి మాటిచ్చిన ఆవు, ఆ మాట ప్రకారం తిరిగి వస్తుంది. దీన్ని మనం ఎప్పుడూ ఆవు కథగానే చెప్పుకుంటాం. సత్యం, మాట నిలుపుకోవడం, తల్లి ప్రేమ. కన్నడ పాటను మళ్ళీ వింటుంటే ఈమధ్య నా చూపు పులి మీదికి పోతోంది. కడుపు మాడుతూ కూర్చున్న పులి, ఆవు నిజంగానే వచ్చి ఎదురుగా నిలబడటం చూస్తుంది. తన లోపల ఏదో కదులుతుంది. దాన్ని ఏం చేసుకోవాలో తెలియక ప్రాణం తీసుకుంటుంది. ఆవు సత్యం ఆవుకు ముందే తెలుసు. పులికి మాత్రం తనలో ఏముందో ఆ క్షణందాకా తెలియదు. ఆ కథలో నిజంగా మారింది పులే.

విశ్వనాథ సత్యనారాయణ గారికి ఈ మార్పు మీదే చూపు పడింది. పన్నెండు నవలల ‘పురాణవైర గ్రంథమాల’లో ఒక నవలకు ‘పులిమ్రుగ్గు’ అని పేరు పెట్టారు. పులిమ్రుగ్గు అంటే ముగ్గు గీసి మనిషి పులిగా మారే విద్య. ఆ విద్యను నమ్మేవాళ్ళూ నమ్మనివాళ్ళూ ఉంటారు, అది వేరే సంగతి. నన్ను పట్టుకున్నది ముగ్గు అన్న మాట. ప్రతి ఇంటి ముందూ తెల్లవారుజామున ఆడవాళ్ళు వంగి గీసే పిండి గీతే అక్కడ మనిషికీ పులికీ మధ్య గడప అయింది. గీత గీసింది మనిషి చెయ్యి. దాన్ని దాటడం మనిషి ఇష్టం. దాటాక తిరిగి రాగలగడమే అసలు విద్య అని నాకు అనిపిస్తుంది.

మరి పులి నిజంగానే మనుషులను తింటుంటే? ఆ సంగతి రాసినవాళ్ళు వేటగాళ్ళు. తుపాకి పట్టుకున్న మనిషి పులి మీద జాలితో రాస్తాడని మనం అనుకోం. కానీ 1944లో వచ్చిన కుమావూ నరభక్షకుల పుస్తకంలో జిమ్ కార్బెట్ మొదట చేసిన పని, పులి ఎందుకు మనిషి మీదికి వస్తుందో చెప్పడం. పదింట తొమ్మిది సార్లు గాయం, పదోసారి ముసలితనం అంటాడు. చంపావత్ ఆడపులి 436 మందిని చంపిందని లెక్క. 1907లో దాన్ని కొట్టాక కార్బెట్ నోరు తెరిచి చూశాడు. కుడివైపు కోరలు రెండూ విరిగి ఉన్నాయి. ఎప్పటిదో తుపాకి దెబ్బ. తన సహజమైన ఎరను పట్టుకోలేకే అది మనుషుల మీద పడింది. ముక్తేసర్ పులికి ముళ్ళపందితో పోరులో ఒక కన్ను పోయింది, ఒంట్లో యాభై దాకా ముళ్ళు దిగాయి. చచ్చిన పులి నోరు తెరిచి చూడటం అనే ఆ ఒక్క పని నాకు గొప్పగా కనిపిస్తుంది. 436 మంది చనిపోయాక అంతటి ఓపిక ఎవరికి ఉంటుంది?

కెనెత్ ఆండర్సన్ ఆ దారిలో నడిచినవాడే. 1910లో మన బొల్లారంలో పుట్టి, బెంగళూరులో స్థిరపడ్డాడు. అతడి కథలను పూర్ణచంద్ర తేజస్వి ‘కాడిన కథెగళు’ పేరుతో కన్నడంలోకి తెచ్చారు. అందులో ఒక పుస్తకం ‘పెద్దచెరువిన రాక్షస’. పెద్దచెరువు అన్న అచ్చ తెలుగు ఊరి పేరు కన్నడ పుస్తకం అట్ట మీద! ఇంట్లో తెలుగు మాట్లాడే చిక్కసూగూరు కుర్రవాడు ఆ పుస్తకం పట్టుకుంటే, లిపి బడిది, ఊరి పేరు ఇంటిది. ఇలాంటి పుస్తకాలు పంచాయతీ గ్రంథాలయాల బల్లల మీద పిల్లల చేతికి అందే ఎత్తులో ఉండాలి. అద్దాల బీరువాలో తాళం వేసిన పుస్తకం బోనులో పెట్టిన జంతువుకంటే దిగులుగా ఉంటుంది.

గాయం సంగతి ఎత్తాక డాక్టర్ కేశవరెడ్డి గారిని తలుచుకోకుండా ముందుకు పోలేను. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యం చేస్తూ ఏళ్ళు గడిపిన మనిషి. 2015లో కన్నుమూశారు. ఆయన నవల ‘అతడు అడవిని జయించాడు’లో పందులు కాసే ముసలివాడు చూలు పందిని వెతుక్కుంటూ రాత్రివేళ అడవిలోకి పోతాడు. అతడికి పేరు కూడా ఉండదు. చీకటి, నక్కలు, పురిటి పంది, దాని కూనలు, చేతిలో ఈటె. అంతే సరంజామా. ఆ రాత్రి గడిచేకొద్దీ ముసలివాడిలో భయం, మొండితనం, మమకారం ఒకదాని వెనుక ఒకటి బయటికి వస్తాయి. పగలు ఊళ్ళో ఉన్నప్పుడు అతడిలో ఇవన్నీ ఉన్నాయని ఎవరూ అనుకోరు. బహుశా అతడూ అనుకోడు.

‘మునెమ్మ’ ఇంకా లోతుకు పోతుంది. అందులో భర్త దెబ్బలు భార్య ఒంటి మీదా, బొల్లిగిత్త ఒంటి మీదా పడతాయి. ఆ భర్త హత్యకు గురైతే, చంపినవాళ్ళను వెతుక్కుంటూ మునెమ్మ ఆ గిత్తను వెంటబెట్టుకుని బయలుదేరుతుంది. గిత్త కోపం ఎక్కడ ఆగి మునెమ్మ కోపం ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం. ఈ నవల వచ్చినప్పుడు కొందరు ముఖం చిట్లించారు. పశువుతో పనిచేసినవాళ్ళకు మాత్రం ఆ బంధం కొత్తగా అనిపించదు. రాయచూరులో ఏటా కార హుణ్ణిమెకు, అంటే మన ఏరువాక పున్నమికి, మున్నూరు కాపు సమాజం ముంగారు పండుగ జరుపుతుంది. ఎద్దులు పెద్ద బండలు లాగుతాయి. ఆ గుంపులో నిలబడి చూస్తే తెలుస్తుంది, జత ఎద్దుల ఒంటి మీద వణుకు, వెనుక పరుగెత్తే రైతు పిక్కల్లో వణుకు ఒక్కలాగే ఉంటాయి. అరుపు ఎవరిదో కాసేపు తెలియదు.

ఇక్కడ పత్రికలో పనిచేసేవాడిగా ఒక మాట చెప్పుకోవాలి. దారుణమైన నేరం జరిగినప్పుడు మన శీర్షికల్లో ‘మానవ మృగం’ అని వేస్తాం. కోపంలో ఆ మాట వస్తుంది. ఆ కోపం న్యాయమైనదే. శిక్ష పడాల్సిందే, ఒక్క రోజు కూడా తగ్గించకుండా. కానీ ఆ రెండు మాటలు వేయగానే నేరం చేసినవాడు మనలో ఒకడు కాకుండా పోతాడు. ఎవరింట్లో పెరిగాడు, ఏం చూస్తూ పెరిగాడు, అతడి చెయ్యి మొదటిసారి లేచినప్పుడు పక్కన ఉన్నవాళ్ళు ఎందుకు ఊరుకున్నారు, ఇవేవీ అడగక్కర్లేదు. అడవి నుంచి వచ్చాడు, అంతే. నిజానికి అతడు మన వీధి నుంచే వచ్చాడు. కార్బెట్ పులి నోరు తెరిచి చూసినట్టు మనం చూడటం లేదు. చూస్తే క్షమించినట్టవుతుందేమోనని భయం. విరిగిన కోర కనిపించినంత మాత్రాన కార్బెట్ ఆ 436 మందినీ మరిచిపోలేదు. ఇంకొక పులికి అలాంటి దెబ్బ తగలకూడదనే రాశాడనిపిస్తుంది.

అసలు మృగం అన్న మాటకు ఆ బరువు మనం తర్వాత తగిలించిందే. వేటాడటం, వెతకడం అనే అర్థమున్న ధాతువు నుంచి పుట్టిన మాట అది. మృగయ అంటే వేట. మృగం అంటే జింక కూడా. వేటాడేది కాదు, వేటకు గురయ్యేది. మృగశిర అంటే జింక తల. తెలంగాణ పల్లెల్లో మృగశిర కార్తెను ‘మిరుగం’ అంటారు. మిరుగం వచ్చిందంటే వాన వచ్చినట్టు. కృష్ణకు రెండు ఒడ్ల మీదా రైతు ఏడాదంతా ఆ మృగం కోసమే ఆకాశం వంక చూస్తాడు. ఇంత చల్లని మాటను తీసుకుపోయి నేరస్తుడి ముందు పెట్టాం.

అదే మృగాన్ని ఈ వైపు ఊళ్ళలో ఒంటి మీద వేసుకుంటారు. పీర్ల పండుగకు పులివేషాలు కడతారు. అలాయి కుండంలో మంట, చుట్టూ డప్పులు, పులులు. ముదగల్ మొహర్రం ఈ జిల్లాలో పేరుమోసింది. చిన్న ఊళ్ళలోనూ తమ స్థాయికి తగ్గట్టు చేస్తారు. కులం మతం అడ్డు రాదు. పిల్లవాడికి జబ్బు చేస్తే పులివేషం కట్టిస్తామని మొక్కుకునే ఇళ్ళు ఉన్నాయి.

చిక్కసూగూరులో ఒక వేపచెట్టు కింద అలాంటి పిల్లవాణ్ణి చూశాను. పదేళ్ళు ఉంటాయి. చెడ్డీ మీద నిలబడి ఉన్నాడు. ఒంటికంతా పసుపు రంగు పూశారు, ఇంకా ఆరలేదు. అందుకని రెండు చేతులూ పక్షిలా చాపి పెట్టుకున్నాడు. ఒకాయన సన్నటి కుంచెతో నల్ల చారలు దిద్దుతున్నాడు. పక్కటెముకల దగ్గరికి వచ్చేసరికి పిల్లవాడు చక్కిలిగిలికి మెలికలు తిరిగాడు. ‘కదలకప్పా, గీత తప్పుతాది’ అంది అరుగు మీద కూర్చున్న అవ్వ. ముక్కు మీద ఈగ వాలింది. చేత్తో తోలడానికి లేదు. మూతి అటూ ఇటూ తిప్పి, చివరికి ‘అవ్వా, ఊదవే’ అన్నాడు. అవ్వ లేచి వచ్చి ఊదింది. అంత దగ్గరగా పులి ముఖంలోకి వంగిన మనిషిని నేనెప్పుడూ చూడలేదు.

ముఖానికి రంగు పూర్తయ్యాక లోపలినుంచి వాడి చెల్లెలు వచ్చింది. మూడేళ్ళు కూడా ఉండవు. పులిని చూసి కెవ్వుమని అరిచి అవ్వ చీర పట్టుకుంది. అప్పటిదాకా గర్జన సాధన చేస్తున్న పిల్లవాడు టక్కున ఆగిపోయాడు. ఒక అడుగు వెనక్కి వేసి, చాపిన చేతులు అలాగే ఉంచి, ‘ఏయ్, నేనే’ అన్నాడు మెల్లగా. ఆ పిల్ల ఏడుపు ఆపి, చారల మధ్య కళ్ళను చాలాసేపు చూసింది. దగ్గరికి వచ్చి పొట్ట మీద వేలు పెట్టింది. వేలికి పసుపు అంటింది.

మర్నాడు బడి గేటు దగ్గర వాడు మళ్ళీ కనిపించాడు. ఇస్త్రీ చొక్కా, నూనె రాసి దువ్విన తల. మొహం ఎర్రగా కందేలా తోమినట్టున్నారు. చెవి వెనుక మాత్రం పసుపు రంగు వేలెడంత మిగిలింది.