సుగ్గి పిల్లలూ, జపాను బొమ్మల చిత్రాలూ

"అనాథల కథలు, అపరిచితులు ఒక కుటుంబమయ్యే కథలు మన సంస్కృతికి పరాయివి, జపాను అనిమే మన పిల్లలకెందుకు?" అని వాదించే పెద్దలకు ఒక ప్రశ్న. ఏ సంస్కృతిని గురించి మాట్లాడుతున్నారు?

ఆదోని, ఎమ్మిగనూరు పల్లెలను సుగ్గి కాలంలో చూడండి. వాన మొహం చాటేసిన ఏట మిరపకోతకూ, పత్తితీతకూ జనం గుంటూరు వైపు తరలిపోతారు. ఇళ్ళకు తాళాలు. మిగిలిన పిల్లలు అవ్వల దగ్గరో, సీజనల్ హాస్టళ్ళలోనో ఉంటారు. అక్కడ పక్కన పడుకున్న పిల్లే అక్క, అన్నం వడ్డించిన మనిషే అమ్మ. ఇది కూర్చుకున్న కుటుంబం కాక మరేమిటి?

ఇసావో తకహాత 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్' (1988)లో తల్లిని పోగొట్టుకున్న అన్నాచెల్లెళ్ళకు తిండి లెక్కపెట్టేది సొంత బంధువే. సతోషి కోన్ 'టోక్యో గాడ్‌ఫాదర్స్' (2003)లో చెత్తలో దొరికిన పసికందును అక్కున చేర్చుకునేది ఇల్లులేని ముగ్గురు. రక్తసంబంధమే రక్షణ అన్న మన ధీమాను ఈ రెండూ నిలదీస్తాయి.

మెచ్చుకునేవారితోనూ నాకు పేచీ ఉంది. మియాజాకి 'స్పిరిటెడ్ అవే' (2001)లో పదేళ్ళ చిహిరో స్నానశాలలో చాకిరీ చేసి ఎదిగిందని మురిసిపోతారు. ఆమె కష్టానికి కన్నవారు తిరిగి దక్కారు. కన్నవారి వెంట మిరపచేనికి వెళ్ళిన మన పదేళ్ళ పిల్లకు ఆ కష్టం బడిని దూరం చేస్తుంది. దాన్ని ఎదుగుదల అనకండి.

ఈ చిత్రాలు ముందు పెద్దలు చూడాలి. కళ్ళు తుడుచుకున్నాక, సుగ్గికి ముందే హాస్టలు తెరిచారా అని అడగాలి.