జూదరికి జరిమానా చాలునా?

పండుగదినములలో పోలీసువారు పేకాట స్థావరములపై బడిరనియు, పదుగురు పట్టుబడిరనియు, ఇంత రొక్కము చిక్కినదనియు పత్రికలలో చదువుచునే యున్నాము. జరిమానా కట్టినవాడు నాలుగుదినములు గడువకమున్నే మరల ముక్కలు పట్టుచున్నాడు. సొమ్మెక్కడిదని యడుగ నక్కరలేదు. ఇల్లాలి మెడలో గొలుసున్నంతవరకు తాకట్టు దుకాణమువాడు కాదనడు.

ఇట్టివానిని దుర్మార్గుడని త్రోసివేయుట సులభము. మనశ్శాస్త్రవేత్తలు వేరుమాట చెప్పుచున్నారు. 2009లో ల్యూక్ క్లార్కు మొదలగువారు వ్యసనమేమియు లేని సామాన్యులచేత జూదపు యంత్రమువంటి ఆట నాడించి వారి మెదళ్లను పరిశీలించిరి. గెలుపు వెండ్రుకవాసిలో తప్పినపుడు, నిజముగ గెలిచినపుడు మేల్కొను భాగములే మెదడున మేల్కొన్నవి. ఆ ఓటమి వారికి మామూలు ఓటమికన్న చేదుగనే యుండెను. ఐనను, బొమ్మను తామే యెన్నుకొన్న సందర్భములలో, మరల నాడవలెనను కోరిక హెచ్చినది. "ఒక్క ముక్క పడియుండినచో!" అని మన పేకాటరాయుడు విడుచు నిట్టూర్పునకు ఇదియే యర్థము. తన చేతిలో నేదో యున్నదను భ్రమయే వానిని కూర్చుండబెట్టుచున్నది. రమ్మీ ప్రధానముగ నేర్పుతో నాడు ఆటయని 1967లో సుప్రీంకోర్టు తీర్పుచెప్పినది. అది మావంటి వకీళ్లకు మంచి వాదము. వ్యసనికి అంతకన్న మంచి సాకు.

అమెరికా మానసిక వైద్యుల సంఘము 1980లో దీనిని రోగముగ నెన్ని, 2013లో మద్యము, మత్తుమందుల వ్యసనముల సరసన జేర్చినది. చికిత్సయు లేకపోలేదు. 1972లోనే ఒహాయో రాష్ట్రమందు బ్రెక్స్‌విల్ మాజీసైనికుల ఆసుపత్రిలో డాక్టరు రాబర్టు కస్టరు జూదరులను చేర్చుకొని వైద్యము చేసెను. నేడు ప్రధానముగ నడచునది మాటలతో చేయు వైద్యము: వరుసగ నోడితిని గనుక ఇక గెలుపు తప్పదను తప్పులెక్కను రోగిచేతనే విప్పించుట, జీతము వచ్చిననాడు కాళ్లెటు లాగునో ముందే గుర్తించుట, పైకమును ఇంటివారి చేతి కప్పగించుట.

2025 ఆగస్టునాటి కేంద్రచట్టము సొమ్మొడ్డించు ఆన్‌లైను ఆటలను నిషేధించి, నడపువానికి మూడేండ్లవరకు చెర విధించినది, ఆడువానిని శిక్షింపలేదు. ఈ వివేకమును మేము మెచ్చుచున్నాము. ఐతే శిక్షింపకుండుట వైద్యము కాదుగదా! మానసిక బాధితులకై 2022 నుండి 14416 అను టెలిమానస్ టెలిఫోను గలదు. ఆ సంఖ్యను గ్రంథాలయపు గోడమీదనైన వ్రాసిన ఊళ్లెన్ని? త్రాగుడునకు బానిసయైనవానిని ఆసుపత్రికి తీసికొనిపోవు బంధువులే జూదరిని మాత్రము దాచుచున్నారు, అప్పులవారు గుమ్మమెక్కువరకు. పేకాట కేసున పట్టుబడినవానికి జరిమానా రశీదుతోపాటు జిల్లా ఆసుపత్రి మానసిక వైద్యుని కడకు చీటియు నిప్పించు ఏర్పాటును రెండు తెలుగు ప్రభుత్వములును చేయవలెనని కోరుచున్నాము.