చూడకుండా డబ్బు కట్టడమెందుకు?

గేమ్ విడుదల కాకముందే పిల్లల దగ్గర డబ్బు కట్టించుకునే పద్ధతి నాకు నచ్చదండీ.

సైబర్‌పంక్ 2077 సంగతే చూడండి. పోలండ్ కంపెనీవాళ్లు 2012లో ప్రకటించారు. 2020 ఏప్రిల్ అన్నారు, సెప్టెంబరన్నారు, నవంబరన్నారు, చివరికి డిసెంబర్ 10న వదిలారు. అప్పటికే ముందస్తు ఆర్డర్లు 80 లక్షలు! తీరా ప్లేస్టేషన్ 4లో పెడితే బొమ్మలు మసక, ఆట మధ్యలో ఆగిపోవడం. వారానికే సోనీ తన స్టోర్ నుంచి తీసేసి, డబ్బు వాపసిస్తామంది.

అంత పెద్ద నగరాన్ని కంప్యూటర్‌లో కడితే తప్పులు దొర్లుతాయి, అది నాకర్థమవుతుంది. కానీ విడుదలకు ముందు సమీక్షకులకు కంప్యూటర్‌లో ఆడేదే ఇచ్చారు, ప్లేస్టేషన్‌ది ఇవ్వలేదు. షాపులో ఒక చీర చూపించి ఇంకోటి మడిచిస్తే మనం ఊరుకుంటామా?

తర్వాత బాగుచేశారు, నిజమే. 2023లో 2.0 అప్‌డేట్ వచ్చాక చాలామంది మెచ్చుకున్నారు. అంటే మొదటిరోజే ఎగబడి కొన్నవాళ్లకే నాసిరకం సరుకు దక్కిందన్నమాట!

మా అబ్బాయి ఇప్పుడు ఇంకో గేమ్ కోసం పండగ డబ్బులు దాస్తున్నాడు. విడుదలయ్యాక పదిరోజులాగి కొనుక్కోరా అన్నాను.

“ఈలోపు ఫ్రెండ్స్ కథంతా చెప్పేస్తారమ్మా” అన్నాడు.

దానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గరుంటే చెప్పండి.